మేబ్రీ ఎడమ పక్క

సోమవారం పాఠాలయ్యాక జట్టంతా ఒక గదిలో కూర్చుని శనివారం చేసిన తప్పుల్ని తెర మీద చూసుకోవడం కాపర్ ఫోర్డ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాత పద్ధతి. గెలిచిన వారం కూడా తప్పులే చూస్తారు. ఒప్పులు చూసేంత తీరిక హెడ్ కోచ్ ఆల్‌గ్రెన్‌కి ఎప్పుడూ లేదు. దీపాలు ఆర్పించి, ఆట నడిపిస్తూ, తన జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అది విసరకముందే నేలకూలిన ప్రతిచోటా బొమ్మ ఆపుతాడు. ఆపి, గది వైపు తిరగకుండానే "ఎవరిది?" అంటాడు.

అప్పుడు క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే లైన్‌లోంచి ఒకడు లేవాలి. లేచి "నాది, కోచ్" అనాలి. కాలు జారిందనీ, అవతలివాడు చొక్కా పట్టుకుని లాగాడనీ సణగకూడదు. లైన్ అంటే అయిదుగురు, ఒక్కొక్కడూ బీరువా అంత మనిషి. బంతి విసిరేది వాళ్ళు కాదు, పట్టేది వాళ్ళు కాదు, గెలిచినా వాళ్ళ పేర్లు పేపర్లో రావు. వాళ్ళకున్న మర్యాదల్లా ఈ ఒక్క మాటే. కాబట్టి దాన్ని కాస్త ఠీవిగానే అంటారు.

ఆ సోమవారం బొమ్మ మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ లేచింది ఎలియస్ కంగాసే.

కంగాస్ లైన్‌కి ఎడమ చివర నిలబడతాడు. క్వార్టర్‌బ్యాక్ మేబ్రీది కుడిచేతి వాటం. బంతి విసరడానికి ఒళ్ళు తిప్పాడంటే ఎడమ పక్కంతా వాడి వీపు వెనక్కి పోతుంది. అటు నుంచి దూసుకొచ్చేవాడు మేబ్రీకి కనపడడు, తగిలాకే తెలుస్తాడు. వాణ్ణి రానివ్వకుండా చూడటమే కంగాస్ పని.

చిక్కేమిటంటే, ఆ మూడింటిలో ఒక్కటి కూడా కంగాస్‌ది కాదు. ఆ సంగతి కంగాస్‌కి తెలుసు. పక్కనే కూర్చున్న మిగతా నలుగురికీ తెలుసు. లైన్‌కి కోచ్‌గా ఉండే ముసలి టబోర్‌కి అందరికంటే బాగా తెలుసు. తెలియనిది ముందు వరసలో తల వంచుకు కూర్చున్న మేబ్రీ ఒక్కడికే.

చూడటం వచ్చినవాడికి తెర మీద అంతా స్పష్టంగానే ఉంది. కంగాస్ తన మీదికొచ్చినవాణ్ణి బయటికి, ఇంకా బయటికి తోసుకుంటూ పెద్ద చుట్టు తిప్పుతున్నాడు. మేబ్రీ ఉన్నచోటే ఉంటే, లేకపోతే ఒక్క అడుగు ముందుకేస్తే, ఆ వచ్చేవాడు వాడి వెనకనుంచి ఖాళీ మైదానంలోకి పోతాడు. అయిదుగురూ కలిసి కట్టే ఆ గూడునే పాకెట్ అంటారు. గోడలు లైన్‌వాళ్ళవే గానీ, లోపలివాడు లోపల ఉంటేనే అది గూడు. మేబ్రీ ఉండటం లేదు. బంతి చేతికొచ్చిన కాసేపటికే, దూరంగా పరిగెత్తే తనవాళ్ళ మీదనుంచి చూపు తీసేసి ఎడమకి చూస్తున్నాడు. ఏమీ లేనిచోట ఏదో ఉన్నట్టు ఉలిక్కిపడి వెనక్కి నడుస్తున్నాడు. అలా నడిచి నడిచి, కంగాస్ చుట్టు తిప్పి పంపినవాడి కౌగిట్లోకి తనే వెళ్ళి పడుతున్నాడు.

దీపాలు వెలిగాక ఆల్‌గ్రెన్ ఈ మాట చెప్పనే చెప్పాడు. "మేబ్రీ, నీ కళ్ళు కిందికి దిగుతున్నాయి. ఆరు వారాలుగా చెప్తున్నా. శనివారం ఐరన్ పాయింట్ వాళ్ళ మీద మొదటి సగం చూస్తా. ఇదే వరస అయితే రెండో సగం హోల్ట్ ఆడతాడు."

హోల్ట్ రెండో ఏడాది పిల్లవాడు, మంచివాడు, ఎప్పుడు చూసినా తన చేతిని తనే పిసుక్కుంటూ ఉంటాడు. మేబ్రీది ఆఖరి ఏడాది. ఐరన్ పాయింట్‌తో ఆటే ఆఖరి ఆట. దాంట్లోంచి సగంలో లేపేస్తే ఇక వాడు జన్మలో ఫుట్‌బాల్ ఆడేది లేదు. నాలుగేళ్ళ ఆట బెంచీ మీద తువ్వాలు కప్పుకుని ముగుస్తుంది. మేబ్రీ "సరే కోచ్" అని మాత్రం అన్నాడు.

బయట బూట్లు విప్పుకునే గదిలో మేబ్రీ వచ్చి కంగాస్ పక్కన కూర్చున్నాడు. డెట్రాయిట్ కుర్రాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఈ ఉత్తరాది మంచులో నాలుగేళ్ళున్నా ఇప్పటికీ మూడు చొక్కాలు తొడుక్కుని గానీ గడప దాటడు.

"దిగులు పడకురా," అన్నాడు మేబ్రీ.

"నాకేం దిగులు? లేపేస్తానన్నది నిన్ను."

"ఆయన నామీద ఎగిరితే ఎగరనీ. నీ పేరు మాత్రం నేను ఎత్తను. నీ పాదం ఇంకా పూర్తిగా కుదురుకోలేదని నాకు తెలుసులే. మూడుసార్లు లేచి ఒప్పుకోవడమంటే మాటలా! శనివారం నీ పక్క నేనో కన్నేసి ఉంచుతా. నువ్వు నిశ్చింతగా ఉండు."

అని కంగాస్ భుజం తట్టి వెళ్ళిపోయాడు. కంగాస్ చేతిలో బూటు అలాగే ఉండిపోయింది.

పాదం సంగతి నిజమే. ఆగస్టులో కంగాస్ వాళ్ళ పిన్ని ఇంట్లో సౌనా అనే ఆవిరి గదిలో చెమట పట్టించుకుని, చల్లబడటానికి సరస్సులోకి దూకబోయి, తడి చెక్క మీద జారి పాదం విరగ్గొట్టుకున్నాడు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన తాతముత్తాతలు చిన్నప్పటినుంచీ నేర్పిన పని, అందులోనే కాలు విరగడం వాళ్ళ ఇంట్లో ఇప్పటికీ పెద్ద హాస్యం. మైదానంలో మాత్రం హాస్యం కాలేదు. మొదటి మూడు ఆటలూ ఎడమ చివర ఎవడెవడో నిలబడ్డాడు. ఆ మూడు ఆటల్లో మేబ్రీని ఎడమనుంచి కొట్టిన దెబ్బలకి పక్కటెముకలు కమిలి, వాడు వారంపాటు కూర్చుని నిద్రపోయాడు. నాలుగో ఆటకి కంగాస్ తిరిగొచ్చాడు. పాదం శుభ్రంగా కుదిరింది. గోడ మళ్ళీ గోడైంది. మేబ్రీ వీపు మాత్రం ఆ మూడు ఆటల దగ్గరే ఆగిపోయింది.

అందుకే కంగాస్ లేవడం మొదలుపెట్టాడు. వాడు దెబ్బలు తిన్నది తను లేనందుకే కదా, రెండు మాటలు తన మీద వేసుకుంటే పోయేదేముంది అనుకున్నాడు. ఇవాళ వాడొచ్చి తననే ఓదార్చి వెళ్ళేసరికి, పోయిందేమిటో మొదటిసారి అర్థమైంది.

టబోర్ గదికి వెళ్ళాడు. టబోర్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, తొక్కలు కాగితం కప్పులో ఉమ్ముతూ, లేవకుండానే కుర్చీ చూపించాడు.

"మేబ్రీ నమ్ముతున్నాడు, కోచ్. నా పక్క చిల్లు పడిందని నిజంగానే నమ్ముతున్నాడు."

"నమ్మకేం చేస్తాడ్రా? నువ్వే లేచి నిలబడి చెప్తుంటివి."

"మరి చెప్పెయ్యనా?"

టబోర్ తొక్క ఉమ్మాడు. "లైన్‌వాడు క్వార్టర్‌బ్యాక్‌ని వేలెత్తి చూపడు. నాకు నేర్పినాయన నాకదే చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో నాకు తెలీదు. ఒకసారి నువ్వు 'నీదే తప్పు' అన్నావనుకో, రేపట్నుంచి వాడు దెబ్బ తిన్నప్పుడల్లా ఎవడిదా అని మీ అయిదుగురి మొహాలూ చూస్తాడు. చచ్చిన జట్టు అంటే అదే."

"ఇప్పుడు బతికుందా, కోచ్?"

టబోర్ ఇంకో గుప్పెడు గింజలు నోట్లో పోసుకున్నాడు. ముసలాయనకి జవాబు లేనప్పుడు గింజలు ఎక్కువ నములుతాడు. కంగాస్ కాసేపు ఆ చప్పుడు విని లేచి వచ్చేశాడు.

గురువారం సాయంత్రం క్వార్టర్‌బ్యాక్ తన లైన్‌కి తిండి పెట్టాలి. ఇదీ పద్ధతే. మేబ్రీ పాస్టీలు పట్టుకొచ్చాడు, లోపల మాంసం, బంగాళాదుంప, రుటబాగా దుంప కూరి పొయ్యిలో కాల్చినవి, ఒక్కోటీ అరచేతికంటే పెద్దవి. కంగాస్ పిన్ని ఇంటి వంటగదిలో నిలబడే తిన్నారు. వాటి మీద కెచప్ వేసుకోవాలా గ్రేవీ పోసుకోవాలా అని, లైన్ మధ్యలో నిలబడి బంతి అందించే లుకాచ్ యథాప్రకారం గొడవ పెట్టుకున్నాడు. గ్రేవీ పోసుకునేవాడికి పిల్లనివ్వనన్నాడు. వాడికి పిల్లలూ లేరు, పెళ్ళీ కాలేదు.

తిన్నాక అందరూ సౌనాలోకి దూరారు. కాసేపటికి లుకాచ్, మిగతా ముగ్గురూ పెడబొబ్బలు పెడుతూ సరస్సు వైపు పరిగెత్తారు. మేబ్రీ కదల్లేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ నీళ్ళలోకి దిగలేదు. "మీ ఊళ్ళో బయట చలితో చంపుతారు, లోపల ఉడకబెట్టి చంపుతారు. ఏదో ఒక చావు చాలు నాకు," అని పై బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

కంగాస్ పొయ్యి మీది వేడి రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోశాడు. ఆవిరి లేచింది.

"నీకో మాట చెప్పాలి."

"చెప్పు. నేను నోరు తెరవను, తెరిస్తే వేడి లోపలికి పోతోంది."

"సోమవారం ఆ మూడూ నావి కావు."

"మరెవరివి, లుకాచ్‌వా?"

"నీవి."

మేబ్రీ ముందు నవ్వాడు. కంగాస్ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. ఇక తప్పదని కంగాస్ బల్ల మీద బకెట్టు పెట్టి, దాని పక్కన గరిటె పెట్టి, చెప్పుకొచ్చాడు. ఈ బకెట్టు నువ్వు. ఈ గరిటె నా మీదికొచ్చేవాడు. నేను వాణ్ణి ఇలా తిప్పుతున్నా. నువ్వు ఇక్కడుంటే వాడు ఇటు పోతాడు. నువ్వు ఇక్కడుండటం లేదు. ఇలా వస్తున్నావు. బకెట్టు తీసుకెళ్ళి గరిటెకి కొట్టాడు.

"మూడేనా?" అన్నాడు మేబ్రీ.

"కాదు."

"మరెన్ని?"

"నేను తిరిగొచ్చాక ఒకటో రెండో నావి. మిగతావన్నీ నీవే."

మేబ్రీ గరిటె తీసి బకెట్టులో వేశాడు. చెమట ముక్కు మీదనుంచి కారుతుంటే తుడుచుకోలేదు. మాట్లాడినప్పుడు గొంతు పెంచనూ లేదు.

"ఆల్‌గ్రెన్ నా కళ్ళు దిగుతున్నాయని ఆరు వారాలుగా మొత్తుకుంటుంటే నేనేమనుకున్నానో తెలుసా? పాపం ఈయనకి మిమ్మల్ని తిట్టే ధైర్యం లేక నన్ను తిడుతున్నాడనుకున్నా. ఎందుకంటే ప్రతి సోమవారం నువ్వు లేచి, నీ నోటితో, నీ పక్క కారుతోందని చెప్పావు. నేను విన్నాను. నమ్మాను. కారే పక్కకి వీపు పెట్టి ఎవడు నిలబడతాడ్రా?"

"నీ మీద పడకూడదని..."

"నామీదే పడ్డారు కదరా, ప్రతి శనివారం!"

 కంగాస్‌కి సిగ్గేసింది. తను మర్యాద అనుకుని చేసిన పని తన కాపలాకి తనే గండి కొట్టడమని, అదీ వారం వారం, అందరి ముందూ లేచి నిలబడి మరీ కొట్టడమని ఆ వేడిలో కూర్చుని తెలుసుకున్నాడు. క్షమించమని అడగాలనిపించింది. ఆ మాట వచ్చేలోపల మేబ్రీ బల్ల దిగి తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. చెక్కవంతెన మీద పాదాల చప్పుడు, తర్వాత నీళ్ళలో పెద్ద చప్పుడు, ఆ తర్వాత డెట్రాయిట్ బూతులు వినిపించాయి. లుకాచ్ బృందం చప్పట్లు కొట్టింది. ఎందుకు దూకాడో వాళ్ళకి తెలియదు.

శుక్రవారం బస్సులో మేబ్రీ అందరికంటే ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని ఊరు దాటకముందే నిద్ర నటించాడు. లుకాచ్ వచ్చి కంగాస్ పక్కన కూలబడ్డాడు.

"వాడికి చెప్పావట?"

"చెప్పాను."

"నీకేమన్నా బుర్రుందా? ఆటకి రెండ్రోజుల ముందు చెప్పే మాటా అది? రేపు వాడు సగం చచ్చి ఆడతాడు. ఇప్పటిదాకా కళ్ళే దిగాయి, ఇక గుండె కూడా దిగుతుంది."

"చెప్పకపోతే రేపు మధ్యాహ్నానికి హోల్ట్ ఆడతాడు."

"ఆడనీ! మన చేతులు శుభ్రంగా ఉండేవి."

కంగాస్ తన చేతుల్ని చూసుకున్నాడు. "అవును, చాలా శుభ్రంగా ఉండేవి," అన్నాడు. లుకాచ్ ముఖం మాడ్చుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఐరన్ పాయింట్ మైదానంలో పొద్దున్నుంచీ మంచు పడుతూనే ఉంది. జింకల వేట మొదలైన రోజులు కావడంతో చూడ్డానికొచ్చినవాళ్ళలో సగం మంది నారింజరంగు వేట టోపీలతోనే వచ్చారు. కంగాస్‌కి ఎదురుగా నిలబడ్డవాడి పేరు ఓడెల్. మెడ లేని మనిషి, నోరు మాత్రం ఉంది. ఆట మొదలవకముందే, "మీవాడు నాకేం శ్రమ పెట్టడంట కదా, తనే నడుచుకుంటూ వస్తాడంట," అన్నాడు. కంగాస్ వంగి ఒక చెయ్యి మంచులో ఆనించాడు. లైన్‌వాడికి ఊపిరి దండగ చేసుకునే అలవాటు ఉండదు.

మొదట్లో ఓడెల్ చెప్పినట్టే జరిగింది. కంగాస్ వాణ్ణి బయటికి తిప్పుతుండగా వెనకనుంచి మంచు కరకరమనడం వినిపించింది. అది మేబ్రీ వెనక్కి నడిచే చప్పుడు. ఆ చప్పుడు ఇన్ని వారాలుగా విని విని కంగాస్‌కి కంఠతా వచ్చేసింది. ఓడెల్ చుట్టు తిరిగి వెళ్ళి మేబ్రీని హత్తుకుని కింద పడేశాడు. మైదానం గట్టున ఆల్‌గ్రెన్ హోల్ట్ వైపు తిరిగి ఏదో అన్నాడు. హోల్ట్ కోటు విప్పి బంతి విసరడం సాధన మొదలుపెట్టాడు.

మేబ్రీ లేచి వచ్చి, అందరూ గుండ్రంగా చేరినప్పుడు, ఎవరి మొహమూ చూడకుండా, "అది నాది," అన్నాడు. తర్వాత వెయ్యబోయే ఎత్తు పేరు చెప్పాడు. లుకాచ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. క్వార్టర్‌బ్యాక్ నోటినుంచి ఆ మాట ఎవరూ విని ఎరగరు.

తర్వాతిసారి చప్పుడు రెండడుగులు వినిపించి ఆగింది. ఆ తర్వాతిసారి ఒక్క అడుగు. ఆ పైసారి అసలు లేదు. ఓడెల్ చుట్టు తిరిగి, పట్టుకోడానికి మనిషి లేక, మంచులో బోర్లా జారుకుంటూ పోయాడు. మేబ్రీ ఒక్క అడుగు ముందుకేసి విసిరాడు. బంతి చేరాల్సిన చోట చేరింది. ఓడెల్ నోట్లోంచి మంచు ఉమ్ముకుంటూ వచ్చి, "ఏమైందిరా మీవాడికి, ఇవాళ కాళ్ళు విరిగాయా? కదలడేం?" అన్నాడు.

మొదటి సగం అయ్యేసరికి కాపర్ ఫోర్డ్ వెనకబడే ఉంది గానీ పరువుగా వెనకబడింది. ఆల్‌గ్రెన్ హోల్ట్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. హోల్ట్ తిరిగి కోటు తొడుక్కున్నాడు. తొడుక్కుంటూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడని కూడా చెప్పాలి.

ఆట చివరికొచ్చింది. కాపర్ ఫోర్డ్ నాలుగు పాయింట్లు తక్కువ. బంతిని అవతలి చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు, ఆ గీత ఎక్కడో దూరాన ఉంది, గడియారంలో పెద్దగా ఏమీ మిగల్లేదు. దూరంగా విసిరే ఎత్తు వెయ్యాలి. దూరంగా విసరాలంటే మేబ్రీ ఎక్కువసేపు నిలబడాలి, అంటే కంగాస్ ఎక్కువసేపు ఆపాలి.

పొద్దుటినుంచీ ప్రతిసారీ బయటినుంచి చుట్టు తిరిగిన ఓడెల్ ఆసారి బయటికి ఒక భుజం చూపించి లోపలికి దూరాడు. కంగాస్ బరువంతా బయటి కాలి మీద ఉంది. చెయ్యి చాపితే గుడ్డ మాత్రం తగిలింది, మనిషి లేడు. వెనక దెబ్బ పడ్డ చప్పుడు వినిపించింది. దుంగ మీద గొడ్డలి పడ్డట్టు వినిపించింది. మేబ్రీ చూడలేదు. చూడటం మానేశాడు కాబట్టి చూడలేదు. నమ్మి వీపు అప్పగించాడు కాబట్టి దెబ్బ నిండుగా తిన్నాడు. బంతి జారి దొర్లుతుంటే అవతలివాళ్ళకి దొరక్కుండా లుకాచ్ తన బరువంతా వేసి దాని మీద పడ్డాడు.

మేబ్రీ మంచులో బోర్లా పడి ఉన్నాడు. కంగాస్ వాడి వైపు పరిగెత్తాడు. ఇది తన పక్కే. ఇది నిజంగా తన పక్కే. డాక్టరు పరిగెత్తుకొచ్చేలోపలే మేబ్రీ ఒక మోచెయ్యి మీద, తర్వాత మోకాళ్ళ మీద లేచి, అక్కర్లేదని చెయ్యి ఊపాడు. ఆల్‌గ్రెన్ ఆట ఆపించి అందరినీ గట్టుకి పిలిచాడు.

"ఎడమ పక్కకి ఇంకో మనిషిని పంపుతున్నా. కంగాస్‌కి తోడు," అన్నాడు ఆల్‌గ్రెన్.

"వద్దు, కోచ్. అటు ఒకణ్ణి పంపితే బంతి పట్టేవాడు ఒకడు తగ్గిపోతాడు," అన్నాడు మేబ్రీ. నోటి చివర రక్తం ఉంది.

"ఇప్పుడేగా చచ్చి బతికావు!"

"ఆ పక్క గట్టిదే."

"ఇప్పుడు పడింది మరి?"

మేబ్రీ నోటి చివర రక్తం తుడుచుకున్నాడు. అందరూ కంగాస్ వైపు చూశారు. ఎన్నో సోమవారాలు అరక్షణం ఆలోచించకుండా లేచినవాడికి ఆ మాట వెంటనే రాలేదు. అబద్ధంగా అన్నప్పుడు అది ఎంత తేలిగ్గా వచ్చేదో! 

"నాది, కోచ్," అన్నాడు చివరికి. ఎవరికీ సరిగా వినపడలేదు. మళ్ళీ అన్నాడు.

"తెలుసు," అన్నాడు మేబ్రీ. "వీపు చెప్పింది." తర్వాత కంగాస్‌కి మాత్రమే వినపడేట్టు, "ఇన్నాళ్ళు దేనికోసం వెనక్కి వెనక్కి పోయానో అది వచ్చి తగిలిందిరా. ఇంతేనా అనిపించింది," అన్నాడు. ఆల్‌గ్రెన్ వైపు తిరిగి, "మళ్ళీ అదే ఎత్తు, కోచ్. ఎవరూ తోడొద్దు," అన్నాడు.

ఆల్‌గ్రెన్ టబోర్ వైపు చూశాడు. టబోర్ గింజలు నమలడం మానేసి ఉన్నాడు. తల ఒక్కసారి ఊపాడు.

కంగాస్ వెళ్ళి తన చోట నిలబడ్డాడు. భయం వేసింది.  తన పక్క చిల్లుందని అందరూ అనుకున్నన్నాళ్ళూ వేయని భయం అది. అప్పుడు వాడి మీద ఎవరూ ఆనుకుని లేరు. ఇప్పుడు ఒకడు కమిలిన వీపుతో వచ్చి, తిరిగి చూడకుండా, ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఓడెల్ పళ్ళికిలించాడు.

లుకాచ్ బంతి వెనక్కి అందించాడు. ఓడెల్ ఒక భుజం బయటికి చూపించాడు. కంగాస్ భుజాన్ని చూడలేదు, నడుముని చూశాడు. నడుము లోపలికి తిరిగింది. రెండు అరచేతులూ ఓడెల్ ఛాతీలోకి దింపి, వాణ్ణి అక్కడే నిలబెట్టాడు. ఓడెల్ తోశాడు. కంగాస్ పాదాలు మంచులో జారాయి, జారినచోటే కూరుకున్నాయి. పళ్ళబిగువున ఆపాడు. ఇక చాలు, ఇప్పటికి విసిరి ఉండాలి అనుకున్నాడు. ఇంకా విసరలేదు. ఇంకా ఆపాడు. చెవులు వెనకే ఉన్నాయి. మంచు కరకరలాడే చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. వెనకనుంచి ఏ చప్పుడూ రాలేదు.

తల పైనుంచి ఏదో దాటిపోయింది. ఓడెల్ తోయడం ఆపి, భుజం మీదుగా తనవాళ్ళ వైపు చూశాడు. అప్పటిదాకా గోల పెడుతున్న నారింజరంగు టోపీలన్నీ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. పరాయి ఊళ్ళో లైన్‌వాడికి మంచి కబురు వచ్చేది అలాగే.

కంగాస్ బంతి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి చూశాడు. మేబ్రీ బంతి అందుకున్న చోటే ఉన్నాడు, విసిరిన చెయ్యి ఇంకా పూర్తిగా దించలేదు, కళ్ళు దూరంగా ఉన్నాయి. వాడి వెనకంతా ఇంకా ఎవరూ తొక్కని మంచు.  కంగాస్ అక్కడే కూలబడి, ఇంత పెద్ద మనిషి, పదివేలమంది పరాయివాళ్ళ ముందు హెల్మెట్టు కూడా తీయకుండా ఏడ్చాడు.